పరుపు బండ కింద మట్టి

ముప్పై నాలుగేళ్లు బడి పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఏటా జూలైలో, వాన పడ్డా పడకపోయినా, నల్లబల్ల మీద దక్కను పీఠభూమి బొమ్మ గీసి, "దీని కింద ఏముంది?" అని అడిగేవాణ్ణి. "రాయి సార్" అని అందరూ ఒక్క గొంతుతో అనేవాళ్లు. "ఆ రాయి కింద?" అంటే, "ఇంకా రాయి సార్." నా మొత్తం సర్వీసులో బెత్తం అవసరం రాని ప్రశ్న అదొక్కటే. అట్లాంటి నేను, రిటైరైన రెండో ఏడు, మా చేనులోని బండ కింద మట్టి ఉంటుందని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, పగలగొట్టించాను. ఏడో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి అరవై దాటిన పంతులుకు తెలియలేదు. మా దిక్కు తలలో ఏమీ లేనివాణ్ణి బండోడు అంటారు. బండ పోయాక ఆ పేరైనా ఊళ్లో మిగలాలని కాబోలు, నాకిచ్చారు.

మాది ఖిల్లా ఘణపూర్ కోట కనబడేంత దూరంలో ఒక చిన్న ఊరు. చుట్టూ గుట్టలు ఉన్నాయనడం మర్యాద. నిజానికి అవి గుండ్లు. ఒక గుండు మీద ఇంకో గుండు, దాని మీద ఇయ్యాలో రేపో జారిపడేటట్టు మూడో గుండు. మా తాత చిన్నప్పుడు కూడా అవి జారిపడేటట్టే ఉన్నాయట. వాటి నడుమ ఎర్ర చెల్క నేల, సీతాఫలం పొదలు. ఎండాకాలం మధ్యాహ్నం రాయీ ఆకాశమూ ఒకే రంగులో ఉంటాయి. నాకు చిన్ననాటి నుంచీ ఈ ఊరంటే చిన్నతనం. చదువుకునే రోజుల్లో ఎవరైనా మీది ఏ ఊరంటే, వనపర్తి అని పెద్ద ఊరి పేరు తగిలించి చెప్పేవాణ్ణి. తల మీద వెంట్రుకలు ఉన్నన్నాళ్లూ గుండ్లను ఎగతాళి చేశాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే వాటికీ నాకూ లెక్క సరిపోయింది.

మా చేను చివర ఉండేది పరుపు బండ. పేరుకు తగ్గట్టు ఎకరన్నర మేర పరుపు పరిచినట్టే ఉండేది. తూర్పు కొస మాత్రం తలగడ పెట్టినట్టు కొంచెం పైకి లేచి ఉండేది. పట్టా మాదే గానీ పెత్తనం ఊరందరిది. కార్తీకం వచ్చిందంటే జొన్నలు, సజ్జలు, కందులు, పల్లికాయ, ఏ ఇంటి పంటైనా అక్కడే ఎండాలి. చిన్న చిన్న రాళ్లు వరుసగా పెట్టి ఎవరి జాగా వాళ్లు పట్టుకునేవాళ్లు. చేను గట్లు జరిపి పోలీసు ఠాణా దాకా పోయినవాళ్లు కూడా బండ మీద ఒకరి రాళ్లను ఒకరు జరిపేవాళ్లు కాదు. ఎండిన పంట ఎత్తుకునే రోజు ఒక పిడికెడు గింజలు తెచ్చి మా ఇంట్లో ఇచ్చేవాళ్లు. దాన్ని బండ పిడికెడు అనేవాళ్లు. అది కౌలూ కాదు, కిరాయీ కాదు. మీ బండ మీద మా గింజ ఎండింది అని చెప్పిపోవడం, అంతే.

నా భార్యది బల్మూర్ దగ్గరి పల్లె. నల్లమల అంచు. వాళ్ల పెరట్లో నిలబడితే ఎదురుగా అడవి గుట్టలు నీలంగా కనబడతాయి. ఇప్పచెట్లు, తునికిచెట్లు, తేనె తెచ్చి గడపలో కూర్చుని అరగంట ముచ్చట పెట్టి గానీ పోని చెంచు పెద్దమ్మ, ఇదీ ఆమె పెరిగిన చోటు. వాన ముందు వాసనగా వచ్చి తర్వాత నీళ్లుగా వస్తుందని ఆమె చెబితేనే నాకు తెలిసింది. మా దగ్గర వాన కబురుగా వచ్చి, కబురుగానే పోయేది.

పెండ్లైన కొత్తలో, వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం మా ఊరి దగ్గర ఇద్దరం బస్సు దిగాం. ఆమె అటూ ఇటూ చూసి, "ఈ ఊర్ల నీడ యాడుంటది?" అని అడిగింది.

"సాయంత్రం వస్తది," అన్నాను, తెలివిగా.

ఆమె నవ్వలేదు. ఆ నవ్వకపోవడాన్ని నేను ముప్పై ఐదేళ్లు మోశాను. పాపం, అడవి నీడలో పెరిగిన పిల్లను తెచ్చి పెనం మీద నిలబెట్టానని నాలో నేను తీర్మానించుకున్నాను.

ఉద్యోగం గద్వాలలో వచ్చింది. రెండు నదుల నడుమ నడిగడ్డ, చాపలా చదునైన నల్లరేగడి, ఎటు చూసినా కంటికి ఏదీ అడ్డం తగలదు. ఆషాఢంలో అక్కడి గాలికి నా గొడుగు ఎన్నిసార్లు ఉల్టా అయిందో లెక్కలేదు. నాలుగు చినుకులు పడితే చెప్పుల కింద ఇంకో జత చెప్పులు మట్టితో తయారయ్యేవి. మా పక్కిల్లు నేతవాళ్లది. పొడిగాలికి పోగు తెగుతుందని మగ్గం గుంటలో నీళ్లు చల్లేవాళ్లు. సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడే ఆ ఇంటామెతో నా భార్య రెండు నెలల్లో కలిసిపోయింది. నేను ఆ మట్టిని, గాలిని, ఊరిని తిట్టుకుంటూ బడికి పోయి వచ్చేవాణ్ణి. తిట్టడంలో నాకు పక్షపాతం లేదు. సొంతూరినీ అట్లాగే తిట్టేవాణ్ణి, అదీ ముఖ్యంగా ఆమె ముందు. ఆమె బల్మూర్ గురించి ఒక మంచి మాట చెబితే, నేను మా ఊరి గురించి రెండు చెడ్డమాటలు చెప్పేవాణ్ణి. అది మర్యాద అనుకున్నాను.

"గంత బాగలేదా మీ ఊరు?" అని ఒకసారి అడిగింది.

"రాళ్లు తప్ప ఏముంది అక్కడ? పరుపు బండ అని పేరు. పండుకుంటే వీపు కాలుతది."

ఆమె ఊరుకుంది. పంతుళ్లకు ఇదొక రోగం. తరగతి నిశ్శబ్దంగా ఉంటే పాఠం అర్థమైందనుకుంటాం.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు, ఆ తర్వాత రిటైరై వచ్చి అక్కడే ఇల్లు సర్దుకున్నప్పుడు, ఆమె ఏ పొద్దు ఎక్కడుంటుందో నేను పెద్దగా పట్టించుకోలేదు. మధ్యాహ్నం భోంచేసి నేను పేపర్ ముఖాన కప్పుకుంటే, ఆమె బండ దిక్కు పోయేది. ఏదో ఎండబెట్టుకోవడానికి అనుకున్నాను. నేను లేచేసరికి వచ్చి చాయ్ పెట్టేది.

అప్పటికి మా దిక్కు ఎత్తిపోతల నీళ్లు వచ్చేశాయి. చెల్కల్లో కాలువ పారింది. జొన్న పోయి వరి వచ్చింది. కబురుగా కూడా సరిగ్గా రాని నీళ్లు ఏకంగా గట్టు తెగి ఇంటి ముందుకు వస్తుంటే ఊరంతా ఒక రకమైన మత్తులో ఉంది. ఎవరి నోట విన్నా ఒకటే మాట, మడి ఎంత పెంచినవు అని. ఆ మత్తులోనే మా బావ వచ్చాడు.

బావ అంటే మా అక్క పెనిమిటి. పక్క ఊరు. రెండు జేసీబీలు, ఒక కంప్రెషర్ ట్రాక్టర్, నాలుగు రోడ్ల పనులు ఉన్న మనిషి. భూమిని చూస్తే తవ్వాలనిపించే చేతులు ఆయనవి. బండ మీద నిలబడి చెప్పుకాలితో రెండుసార్లు తన్ని చూశాడు.

"ఏం బామ్మర్ది, కాల్వ పక్కన ఎకరన్నర పరుపేసుకొని పండుకున్నవు."

"బండ బావా అది."

"పైన బండ. కింద మట్టి. బండంటే ఏందనుకున్నవు, పాల మీద మీగడ లెక్క. తీసి అవతల పడేస్తే కింద మస్తు మన్ను."

"మీగడ తీస్తే కింద పాలుంటయి గద, మన్నెట్ల ఉంటది?"

"నువ్వు పంతులువి, మాటలు పట్టుకుంటవు. నేను నేలను పట్టుకుంట. చెప్పు, రాయి నాకు, మట్టి నీకు. సమ్మతమేనా?"

ఇక్కడ నిజం చెప్పాలి. వరి మీద ఆశతో నేను ఒప్పుకోలేదు. నాకు కనబడింది నీడ. బండ తీసేస్తే మట్టి, మట్టిలో ఇప్పచెట్లు, మోదుగుచెట్లు, వాటి కింద ఒక మంచం, మంచం మీద నా భార్య. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి అడిగిన మాటకు ఇన్నేళ్ల తర్వాత జవాబు. ఆమె సరిగ్గా అప్పుడే తమ్ముడి బిడ్డ పెండ్లికని బల్మూర్ పోయి ఉంది. పన్నెండు రోజులు ఉంటానంది. వచ్చేసరికి చూపించి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆ విషయంలో మాత్రం గెలిచాను.

మూడు రోజులు కంప్రెషర్ తూట్లు పొడిచింది. నాలుగో రోజు పేలుడు మందు పెట్టారు. మొదటి పొర లేచింది. కింద రాయి. బావ దిగి చూసి, "ఇంకొక్క పొర," అన్నాడు. రెండో పొర లేచింది. కింద ఇంకా రాయి. "ఈ పొర తీస్తే మట్టే, రాసిస్త," అన్నాడు. రాసివ్వలేదు గానీ రాయి మాత్రం లారీల్లో తోలుకున్నాడు. ఎనిమిదో రోజుకు అది మంచి గట్టి రాయి అని ఆయనకు, మట్టి లేదని నాకు ఒకేసారి తెలిసింది. గుంటలో నిలబడి పైకి చూస్తే నేను గీసిన దక్కను పీఠభూమి బొమ్మ లోపలికి నేనే దిగినట్టు ఉంది. బావ నా భుజం తట్టి, "నీ అదృష్టం గింతే బామ్మర్ది," అన్నాడు. ఆయన అదృష్టం ఎంతో చెప్పలేదు.

అయినా నాకు ఆశ చావలేదు. గుంట చుట్టూ పక్క చేనులోంచి ఎర్రమట్టి తెచ్చి పోయించాను. అచ్చంపేట దిక్కు నుంచి ఆరు ఇప్ప మొక్కలు తెప్పించాను. పదమూడో రోజు ఆమె బస్సు దిగితే, ఇంటికి కూడా పోనివ్వకుండా నేరుగా చేనుకు తీసుకుపోయాను.

ఆమె గుంట అంచు దాకా నడిచింది. చేతిలో సంచి కింద పెట్టలేదు.

"బండ ఏది?"

"తీయించిన. నీ కోసమే. ఇగో, ఇప్ప మొక్కలు చూడు. నాలుగేండ్లల్ల చిన్న బల్మూర్ అయితది ఇక్కడ."

"నాకు బల్మూర్ ఉన్నది గద," అంది. "ఇంకోటెందుకు?"

"నువ్వే అన్నవు, ఈ ఊర్ల నీడ యాడుంటది అని."

"ఎప్పుడన్న?"

"మొదలు వచ్చిన నాడు. బస్సు దిగంగనే."

ఆమె నా ముఖం వంక చూసింది. కోపం వస్తే తప్ప నన్ను సారు అనదు. "చెప్పు తెగింది సారూ. కాలు కాలుతుంటే, జర నీడకు నిలబడి ముడేసుకుందామని అడిగిన. దాన్ని గిన్నేండ్లు మనసుల పెట్టుకున్నవా? బండ తీస్తున్న అని నాకొక్క ఫోను జేస్తే ఏంబోయె?"

గింజలు ఎండబెట్టే చోటు పోయిందని ఆమె బాధ అనుకున్నాను. ఎప్పటిలాగే సగమే అర్థం చేసుకున్నాను.

మిగతా సగం పక్కింటి వదిన చెప్పింది, వారం తర్వాత, గోడ అవతల నుంచి. ఆమె చెప్పడం కాదు, ఉతకడం.

"నువ్వు పేపర్ కింద గుర్రు పెడ్తుంటే నీ పెండ్లాం యాడ కూసుంటుండెనో ఎరుకనా నీకు? బండకు తూర్పు కొస మీద. వానలు తెరిపిచ్చినంక ఆకాశం సాఫుగుంటే, అటు పొద్దుపొడుపు దిక్కు సన్నగ నీలం గీత కనబడ్తదట. 'అదిగో వదినా మా అడవి' అంటుండె. నాకైతే ఏం కనబడకపోతుండె. కనబడ్తుంది అంటుంటి నేను. ఏం పోయింది నాది?"

సాంఘిక శాస్త్రం పంతులుగా చెబుతున్నాను, మా ఊరి బండ మీంచి నల్లమల కనబడదు. నడుమ ఎంత దూరం, ఎన్ని గుట్టలు. అది వేరే గుట్టల వరస అయి ఉండాలి, లేదా మబ్బు. కానీ నేను ఒక్కనాడైనా ఆమె పక్కన కూర్చుని, ఉందా లేదా అని చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూద్దామంటే ఎక్కడానికి ఆ ఎత్తు లేదు.

వదిన ఇంకో మాట కూడా చెప్పింది. బండ పిడికిళ్లన్నీ ఆమె ఒకే మట్టి గురుగులో పోసేదట. అది నాకూ తెలుసు, వాటితో గుగ్గిళ్లు ఉడకబెడితే తిన్నది నేనే. తెలియంది ఏమిటంటే, ఆ గురుగే ఆమెకు ఊరు. ఎవరి జొన్నలో రాయి తగులుతుందో, ఎవరి కందులు పుచ్చిపోయాయో, ఎవరింట్లో ఈసారి పిడికెడు చిన్నదైందో చూసుకుని, ఆ ఇంటికి పోయి ఊరికే కూర్చుని వచ్చేదట. పరాయి చోటి నుంచి వచ్చిన మనిషి నిశ్శబ్దంగా, పిడికెడు పిడికెడుగా, ఈ ఎండలో ఊరిని సంపాదించుకుంది. చలికాలం పొద్దున బండకు ఆనుకుంటే వీపుకు తగిలే వెచ్చదనం బల్మూర్‌లో దొరకదని వదినతో అన్నదట. నాతో ఎందుకు అనలేదంటే, నేను ఎప్పుడూ ముందే మాట్లాడేస్తాను గనుక.

ఆ ఏడు కార్తీకం వచ్చింది. వడ్లు, మక్కలు తారు రోడ్డు మీద పోసుకున్నారు. బస్సులు తొక్కుకుంటూ పోయాయి. రోడ్డుకు ఎవరు పిడికెడు ఇస్తారు? మా గడప తొక్కిన వాళ్లు లేరు. కోపంతో కాదు, పని లేక. ఆటో స్టాండు దగ్గర మాత్రం, "సారూ, మీ గుంటల వడ్లు ఎండబోసుకుంటం, చెట్లు మొల్చినయా?" అని అడిగేవాళ్లు. చెట్లు మొలవలేదు. ఆరు ఇప్ప మొక్కల్లో అయిదు మొదటి ఎండకే పోయాయి. ఆరోదాన్ని మేక తినేసింది. గుంటలో కాలువ ఊట చేరి, నాచు పట్టి, దోమలు మాత్రం బాగా పండాయి.

దిద్దుకుందామని ప్రయత్నించకపోలేదు. నాపరాళ్లు తెప్పించి, గుంట పక్కన ఎనిమిది గజాల పొడవు తిన్నె వేయించాను. ఆమె వచ్చి, ఒక చేటలో మిరపకాయలు పోసి చూసి, "చెప్పులు విడిచే జాగ లెక్కున్నది," అని చేట ఎత్తుకుని వెళ్లిపోయింది. తిట్టలేదు. ఆమె తిడితే నాకు బాగుండేది.

అప్పటి నుంచి చలికాలం వస్తే ఆమె బల్మూర్ పోతోంది. తమ్ముడి ఇంటి ముందు వాకిట్లో వడియాలో, చింతపండో ఎండబెట్టుకుంటున్నానని ఫోన్ చేస్తుంది. మొదటి ఏడు పదిహేను రోజులు. రెండో ఏడు నెల. మూడో ఏడు శివరాత్రి దాటాక వచ్చింది. ఎందుకు ఇన్నాళ్లు అని అడిగితే, "ఆడ జర కూసుంటానికి ఉంటది," అంది. కూర్చునే చోటు లేని ఊరికి రమ్మని నేను మాత్రం ఎట్లా అడగను? ఆమె మనసు ఈ ఊళ్లో కుదరాలని చేసిన పనితో, కుదిరి ఉన్న మనసును నేనే మందు పెట్టి పేల్చాను. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని సజ్జరొట్టె చేసుకుంటే అది అన్ని దిక్కులా ఒకే మందం రాదు. మా గుండ్లంత మందం వస్తుంది. తింటూ ఉంటాను.

పోయినేడు బావ రోడ్డు పక్కన కొత్త ఇల్లు కట్టాడు. ఇంటి ముందు పెద్ద పోర్టికో. నున్నటి తెల్ల పలకలు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా దక్షిణం నుంచి లోపలికి ఏటవాలుగా పడే ఎండ. మధ్యలో కొత్త కారు, దాని పక్కన ఉయ్యాల కుర్చీ. గృహప్రవేశానికి పోయినప్పుడు నా భార్య చెప్పులు విడిచి ఆ పలకల మీద నాలుగడుగులు వేసింది. మళ్లీ నాలుగడుగులు వేసింది. అరికాలుతో వేడి చూస్తోందని నాకు అర్థమైంది. ఈసారి నిశ్శబ్దాన్ని నేను సరిగ్గా చదివాను.

కాలువ నీళ్లు ఎక్కని మిట్ట చెల్క మాకు ఇంకా ఎకరం ఉంది. వరి కాలంలో ఎవరూ వేయని ఆముదం వేశాను. గెలలు ముదిరాక, బావ పని మీద ఊళ్లో లేని పూట చూసి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, గెలలు ఎండబెడ్తందుకు జాగ లేదే."

"జాగకేం కరువురా, గింత పెద్ద పోర్టికో ఉన్నది. తెచ్చి పొయ్యుండ్రి. మరదలు గూడ వచ్చి నా దగ్గర నాలుగొద్దులు ఉంటది."

ట్రాలీ ఆటోలో రెండుసార్లు తోలాం. నా భార్య పలకలన్నీ ఊడ్చి, చిన్న చిన్న గులకరాళ్లు వరుసగా పెట్టి హద్దు గీసింది. కారు ఉన్న చోటు హద్దు లోపలికి వచ్చింది. బావ తిరిగి వచ్చేసరికి అక్క బయటికి తీయించిన కారు రోడ్డు మీద, మండే ఎండలో ఉంది. ఉయ్యాల కుర్చీ మాత్రం ఆయన అలవాటు గనుక ఉంచాం.

ఆముదం సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. ఎండ తగిలితే కాయ టప్పుమని పగులుతుంది. గింజ ఎటు పోతుందో దానికే తెల్వదు. అన్నం తిని కుర్చీలో కన్ను మూసిన బావకు మొదటిది చెవికి తగిలింది, రెండోది చాయ్ గ్లాసులో పడింది.

"ఇదేంది బామ్మర్ది, గిట్ల కొడ్తున్నయి?"

"ఆముదాలు బావా. ఎండుతున్నయి."

"ఎన్నొద్దులు ఎండుతయి ఇవి?"

నా భార్య గెలలు తిరగేస్తూ తల ఎత్తకుండా అంది, "ఎండను బట్టి అన్నా."

అక్క లోపలి నుంచి, "ఎండనియ్యి, నీ కారు ఏమన్న కరిగిపోతదా?" అంది. బావ తువ్వాల తల మీద కప్పుకుని కుర్చీ గోడ వైపుకు జరుపుకున్నాడు. నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత చూశాను అది. ఆ చలికాలం ఆమె బల్మూర్ పోలేదని చెప్పను. పోయింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

ఆముదాలు నాలుగు రోజుల్లోనే ఎండిపోయాయి. నేను పదకొండో రోజు దాకా ఎత్తలేదు.